"మనోవ్యాధికి మందు లేదు..." తర్వాత ఏంటి?

కాకినాడ కాజా:
చిన్న సాయం కావాలి. మా అమ్మమ్మ "మనోవ్యాధికి మందు లేదు..." అని ఒక మాట అనేది. దానికి రెండో ముక్క ఉంది. అది గుర్తు రాక మూడు రోజులుగా పంటి కింద రాయిలా ఉంది. మధ్యాహ్నం పూట పక్కింటావిడ వచ్చి అరుగు మీద కూర్చుని కోడలి గోడో, మరిది గోడో చెప్పుకునేది. అమ్మమ్మ చింతపండులో గింజలు తీస్తూ వినేది. ఆవిడ లేచి చీర దులుపుకునే వేళకి ఈ మాట వచ్చేది. రెండో ముక్కలో "ఊఁ" అనే శబ్దం ఉన్నట్టు లీలగా గుర్తు. మనోచికిత్స చరిత్ర మీద ఒక వ్యాసం రాస్తున్నాను, దీన్ని ఎత్తుగడగా పెడదామని.

బండి ఱ:
రెండో ముక్క సంగతి తర్వాత. ముందు ఆ "మనోచికిత్స" దిద్దండి. మనశ్చికిత్స. వెనక పరుషం ఉంటే "ఓ" రాదు. మనోబలం, మనోవ్యాధి సరే. మనస్తాపాన్ని మనోతాపం అంటామా?

ఏటిగట్టు:
మనోతాపం అనం గానీ మనోఫలకం రోజూ పేపర్లో చూస్తున్నాం కదండీ. "మనో" తెలుగులో ఒక అచ్చుబిళ్లలా దిగిపోయింది, దేని ముందు పెట్టినా అతుక్కుంటుంది. హిందీ వాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు. బెంగాలీ వాళ్లు విసర్గ వదలరు, సైకోఎనాలిసిస్‌ని మనఃసమీక్షణ అంటారు. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో పెట్టిన సైకోఎనలిటికల్ సొసైటీ 1947లో పత్రిక తెచ్చినప్పుడు దానికి ఉత్త "సమీక్ష" అని పేరు పెట్టింది. మనఃని పక్కన పెడితే సంధి గొడవే లేదు!

దంపుడు బియ్యం:
మనోవ్యాధికి మందు లేదన్నవాళ్లు శనివారం రాత్రి వైన్‌షాపు ముందు నిలబడి ఉండరు.

అరసున్న:
ఈ జోకు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.
నా అనుమానం వేరు. అది అసలు "మనోవ్యథకు మందు లేదు" అయి ఉండాలి. "పుంస్యాధిర్మానసీ వ్యథా" అన్నాడు అమరకోశంలో అమరుడు. మనసుకి వచ్చేది ఆధి, ఒంటికి వచ్చేది వ్యాధి. అందుకే ఆధివ్యాధులు అని జంటగా అంటాం. వ్యథ అరిగి వ్యాధి అయింది. ఆ ఒక్క అక్షరంతో మనసు కాస్తా రోగుల జాబితాలోకి ఎక్కింది.

బండి ఱ:
అందంగా ఉంది గానీ నిలవదు. చరకుడు తన సంహితలో మొదటి భాగమైన సూత్రస్థానం మొదట్లోనే తేల్చేశాడు. శరీర దోషాలు ఔషధాలతో శమిస్తాయి, "మానసో జ్ఞానవిజ్ఞానధైర్యస్మృతిసమాధిభిః". మనసు దోషానికి చెప్పినవాటిలో మందు పేరే లేదు, చూడండి. మన సామెత ఆ శ్లోకానికి తెలుగు సేత అని నా నమ్మకం. ఆయుర్వేద కాలేజీల్లో సైకోథెరపీని సత్త్వావజయం అంటారు, అదీ చరకుడి మాటే. వ్యాసానికి ఆ మాట పెట్టుకుంటే ఏ బాధా లేదు.

దంపుడు బియ్యం:
సత్త్వావజయం చేయించుకున్నానని ఇంట్లో చెబితే హోమం అనుకుంటారు మాస్టారూ.

పాతసంచిక:
మీరంతా సంధి దగ్గర ఆగిపోయారు, అసలు చిక్కు సమాసంలో ఉంది. మనశ్చికిత్సకి విగ్రహవాక్యం చెప్పండి. "మనసు యొక్క చికిత్స" అని షష్ఠి చెబుతారు కదా? ఫ్రాయిడ్ ఒప్పుకోడు. 1890లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ ప్రశ్నే ఎత్తాడు. ఈ మాట వినగానే మనసు జబ్బులకి వైద్యం అనుకుంటారు, అది కాదు, మనసు ద్వారా చేసే వైద్యం, జబ్బు మనసుదైనా ఒంటిదైనా సరే అని. అంటే తృతీయా తత్పురుష. ఆ మనసుని కదిపే పనిముట్లలో మొదటిది మాట అని కూడా అక్కడే చెప్పాడు.
ఇది ఆయన ఒక్కడి పైత్యం కాదు. 1872లో ఇంగ్లండులో ట్యూక్ అనే డాక్టరు "సైకోథెరప్యూటిక్స్" అన్న మాట వాడింది ఒంటి మీద మనసు ప్రభావం గురించిన పుస్తకంలో. 1891లో ఫ్రాన్సులో బెర్న్‌హైమ్ తన పుస్తకం పేరులోనే హిప్నటిజం, సజెషన్, సైకోథెరపీ మూడూ పక్కపక్కన పెట్టాడు. నిద్రపుచ్చి "నీ నొప్పి పోయింది" అని చెప్పడమే అప్పటి వైద్యం. తృతీయ షష్ఠిగా మారడమే ఈ శాస్త్రం చరిత్ర అంటాను నేను. కాజా గారూ, వ్యాసం అక్కడ మొదలుపెట్టండి, అమ్మమ్మ దగ్గర కాదు.

అరసున్న:
ఫ్రాయిడ్ వ్యాసం 1905 కదా?

పాతసంచిక:
చాలాకాలం అలాగే అనుకున్నారు, ఇంగ్లీషు సంపుటాల్లో ఆ ఏడాది కిందే వేశారు. తర్వాత 1890 అని తేలింది. నేనూ ఒకప్పుడు 1905 అని రాసి తిట్లు తిన్నవాణ్ణే.

ఏటిగట్టు:
మనసు గురించే కొట్టుకుంటున్నారు, చికిత్సని ఎవరూ పట్టించుకోరేం? పాణిని "గుప్తిజ్కిద్భ్యః సన్" అని ఒకే సూత్రంలో ముగ్గురిని కన్నాడు: జుగుప్స, తితిక్ష, చికిత్స. అసహ్యం, ఓర్పు, వైద్యం తోబుట్టువులు! దానికి "వి" చేరిస్తే విచికిత్స, సందేహం. నచికేతుడు మూడో వరం అడిగేటప్పుడు వాడిన మాట. తెలుగులో విచికిత్సకి పోతన కంటే పెద్ద కవి లేడు. "కలఁడు కలండనెడువాఁడు కలఁడో లేఁడో". ఏనుగు చేత అనిపించాడు, అదీ మొసలి నోట్లో కాలు పెట్టుకుని!

నాలుగో అంతస్తు:
కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను, వ్యాకరణం రాదు. పోతన ఎత్తారు కాబట్టి చెబుతున్నా. "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను..." ఇది పానిక్ అటాక్. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇదే వరసలో చెబుతారు. ఒంట్లో శక్తి పోయింది, గుండె దడ, ప్రాణం పోతోంది, కళ్లు తిరుగుతున్నాయి. "ఠావుల్ దప్పెను" అన్న మాటకి సాటి ఇంగ్లీషులో నేను చూడలేదు.

బండి ఱ:
"మూర్ఛ వచ్చె" అన్నాక ఇంకా రెండు పాదాలు చదివింది ఏనుగు. మూర్ఛ వచ్చినవాడు శార్దూలం పూర్తిచేస్తాడా?

ఏటిగట్టు:
వచ్చె అంటే వచ్చేస్తోంది అని. ఆస్పత్రికి ఫోన్ చేసినవాడు "ప్రాణం పోయిందండీ" అనడూ? పోతన మీద వాదిస్తే ఊరుకోను.

నాలుగో అంతస్తు:
అన్నట్టు మనో, మనశ్ రెండూ నా దగ్గర ఎవరూ అనరు. కౌన్సెలింగ్ అంటారు, ఆ మాటకి ఉన్న పాట్లు వేరు. ఒక పెద్దాయన గుమ్మంలోనే ఆగి "నేనేం తప్పు చేశానమ్మా కౌన్సెలింగ్‌కి?" అన్నారు. ఆయనకి తెలిసింది పోలీసులు తాగి బండి నడిపినవాళ్లకి ఇచ్చేది. ఇంకో అమ్మాయికి ఎంసెట్ గుర్తొచ్చింది, సర్టిఫికెట్లు తేవాలా అని అడిగింది.

పాతసంచిక:
వైద్యానికి పేరు రోగే పెట్టుకున్న ముచ్చట ఒకటుంది. వియన్నాలో డాక్టర్ బ్రాయర్ 1880 నుంచి 82 దాకా ఒక అమ్మాయికి వైద్యం చేశాడు. తర్వాత ఆ కథ రాసిన పుస్తకంలో ఆమె పేరు అన్నా ఓ., అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్. జబ్బు మధ్యలో ఆమెకి మాతృభాష జర్మన్ నోట రాకుండా పోయింది, ఇంగ్లీషే మాట్లాడేది. సాయంత్రం డాక్టరు వస్తే మనసులోది చెప్పుకుని తేరుకునేది. దానికి ఆమె "టాకింగ్ క్యూర్" అని పేరు పెట్టింది, సరదాగా "చిమ్నీ స్వీపింగ్" అని కూడా. 1895లో వచ్చిన జర్మన్ పుస్తకంలో ఆ మాటలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఈ రంగానికి ఊపిరి పోసిన పేరు సొంత భాష పోయిన మనిషి పరాయి భాషలో పెట్టింది.
ఆమె నయమైందని బ్రాయర్ రాశాడు గానీ, ఆయన వైద్యం ముగిశాక అదే 1882లో స్విట్జర్లాండులో శానటోరియంలో చేర్చారు. 1972లో చరిత్రకారుడు ఎలెన్‌బర్గర్ కాగితాలు బయటపెట్టేదాకా ఈ సంగతి బయటికి రాలేదు.

దంపుడు బియ్యం:
చిమ్నీ స్వీపింగ్‌కి తెలుగు? మసి దులపడం? వంటింట్లో అటక మీద బూజు దులిపినట్టు?

అరసున్న:
మనకి బూజు, మసి కాదండీ, కడుపు. "కడుపులో మాట కక్కేశాడు", "కడుపులో పెట్టుకుంది". మన మనసు పొట్టలో ఉంటుంది.
ఇంకోటి. థెరపీకి మూలమైన గ్రీకు మాటకి మొదటి అర్థం సేవ, పరిచర్య. దానికి సరిజోడు మనకి ఉంది, శుశ్రూష. ధాతువు "శ్రు", వినాలనే కోరిక అని అర్థం. వినాలనే కోరికే సేవ అయింది! మనశ్శుశ్రూష. సంధి కూడా బండి ఱ గారు మెచ్చేదే.

బండి ఱ:
సంధికి నూటికి నూరు. కానీ శుశ్రూష అనగానే కట్టు కట్టే నర్సు కనిపిస్తుంది.

నాలుగో అంతస్తు:
నాకు నచ్చింది. మా చదువులో కార్ల్ రోజర్స్ అని ఒకాయన వస్తాడు. రోగి అనకుండా క్లయింట్ అనడం ఆయనతోనే పాతుకుంది. 1942లో ఒక మనిషితో జరిగిన మాటలన్నీ రికార్డు చేసి, పొల్లుపోకుండా అచ్చేశాడు. కౌన్సెలర్ వైపు జవాబులు చాలా చోట్ల ఉత్త ఊఁ కొట్టడమే.

కాకినాడ కాజా:
ఇందాక అమ్మకి ఫోన్ చేశాను. రెండో ముక్కేం లేదట! "మనోవ్యాధికి మందు లేదు" అనేసరికి పక్కింటావిడ లేచినదల్లా మళ్లీ కూర్చునేదట. అమ్మమ్మ ఇంకో గుప్పెడు చింతపండు తీసుకుని "ఊఁ, తర్వాత?" అనేదట. నాకు గుర్తున్నది అది.

అరసున్న:
మనోవ్యాధికే అన్నదా, మనోవ్యథకా? అమ్మగారిని ఇంకోసారి అడగండి.

బండి ఱ:
ఊఁ దగ్గర అరసున్న పెట్టారు, సంతోషం. కానీ అది ముక్కుతో పలికే దీర్ఘం కాబట్టి అక్కడ నిండుసున్నే ఉండాలని నా...

ఏటిగట్టు:
మాస్టారూ, పోతన తాళపత్రంలో ఏముందో చూపించి మాట్లాడండి.