సిలికాన్ నానోతీగల్ని 1064 నానోమీటర్ల లేజర్‌తో పడితే బుడగలు

కాంతికొక్కెం: తీగల మందం 100 నానోమీటర్లు, పొడవు 5–10 మైక్రాన్లు, కొసన బంగారం. నీళ్ళలో వేసి, 1.4 ఎన్‌ఏ (కాంతిని ఎంత కోణంలో పోగుచేస్తుందో చెప్పే కొలత) ఆయిల్ ఆబ్జెక్టివ్‌తో, అంటే నూనె చుక్కతో వాడే మైక్రోస్కోప్ కటకంతో, లేజర్‌ని ఒక బిందువుకి చేర్చి తీగల్ని అక్కడ పట్టి ఆపుతున్నా. కొన్నిటి దగ్గర ఠక్కున బుడగ లేస్తోంది, తీగ ఎగిరిపోతోంది. దొరికినవి నిలువుగానే ఉంటున్నాయి, గాజు మీద పడుకోవట్లేదు.

గాజుపలక: బుడగలకి దోషి సిలికాన్ కాదండీ, కాంతిని పీల్చి వేడెక్కే బంగారం. సిలికాన్ గ్యాప్ (కాంతిని పీల్చడానికి ఫోటాన్‌కి ఉండాల్సిన కనీస శక్తి) 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, 1064 ఫోటాన్ శక్తి 1.17. గ్యాప్ దాటినా అది పరోక్షం (ఫోటాన్ ఒక్కటే చాలదు, స్ఫటికంలోని కంపనం తోడు కావాలి) కాబట్టి అంత సన్నటి తీగ పీల్చేది నామమాత్రం. ఉత్త నీళ్ళు కూడా 100 మిల్లీవాట్లకు సుమారు ఒక డిగ్రీయే వేడెక్కుతాయి. తీగలు వేఫర్ (అవి పెరిగిన పలక) మీద ఉండగానే పొటాషియం అయోడైడ్–అయోడిన్ ద్రావణంతో బంగారం తీసేయండి. బంగారం మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటే అయోడిన్ లోపలికి పోదు, ముందు పలచటి హెచ్‌ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం)లో ముంచాలి. హెచ్‌ఎఫ్ వాడేటప్పుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఆ ఆమ్లం తగిలితే పూసే మందు) చేతికందే దూరంలో ఉండాలి, ఇందులో మొహమాటం లేదు.

ఫోటాన్‌పుల్ల: నిలబడటం లోపం కాదు. ఒకే కిరణంలో పొడుగాటి తీగ కిరణం వెంటే సర్దుకుంటుంది. పడుకోబెట్టాలంటే కవర్‌స్లిప్‌కి (పలచటి గాజు బిళ్ళకి) పాలీలైసిన్ అనే అంటించే పాలిమర్ పూయండి. సిలికాన్ మీది ఆక్సైడ్‌ది రుణావేశం, పాలీలైసిన్‌ది ధనావేశం. కింది కొసని గాజుకి ఆనించి, అంటుకున్నాక స్టేజ్‌ని (నమూనా పెట్టే బల్లని) పక్కకి మెల్లగా జరపండి. నీటి ఈడ్పుకి మిగతా తీగ వాలిపోతుంది. తొందరపడితే కొస ఊడొస్తుంది. నీళ్ళలో ఉప్పు మాత్రం వద్దు, తీగలు ముద్ద కడతాయి. సోనికేషన్ (తీగల్ని విడదీసే అతిధ్వని కుదుపు) కొద్ది సెకన్లే, ఎక్కువైతే ముక్కలవుతాయి.

గాజుపలక: ఆ ఆయిల్ ఆబ్జెక్టివ్ కూడా చూసుకోండి. నీళ్ళలో పది మైక్రాన్ల లోతు దాటేసరికి గోళీయ దోషంతో (కిరణాలన్నీ ఒకే బిందువుకి చేరకపోవడంతో) పట్టు సడలుతుంది. 1.2 ఎన్‌ఏ వాటర్ ఇమ్మర్షన్ (నూనె బదులు నీటిచుక్కతో వాడే) ఆబ్జెక్టివ్ మేలు, దాని మీది సర్దుబాటు కాలర్‌ని 0.17 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్‌కి సరిచేస్తే చాలు.

తీగలబండి: అడ్డంగా పట్టడానికి ఇంకో దారి ఉంది: హోలోగ్రాఫిక్ ట్రాప్‌ల వరుస, అంటే ఒకే లేజర్‌ని హోలోగ్రామ్‌తో చాలా పట్టుబిందువులుగా విడగొట్టడం. 2005లో అగర్వాల్, లీబర్, గ్రియర్ బృందం దీనితో తీగల్ని జరిపింది, తిప్పింది, కోసింది, అతికించింది కూడా. 2006లో పౌజాస్కీ, యాంగ్, లిఫర్ట్ బృందం ఒకే కిరణంతో నీళ్ళలో పట్టింది.

కాంతికొక్కెం: ఇదే అమరికలో జర్మేనియం తీగలు పట్టొచ్చా?

ఫోటాన్‌పుల్ల: నీళ్ళలో వద్దు. జర్మేనియం గ్యాప్ 0.67 ఎలక్ట్రాన్ వోల్టులే, అందుకే 1064ని సిలికాన్ కంటే దాదాపు వెయ్యి రెట్లు పీలుస్తుంది. పట్టడానికి శాపమైన ఆ వేడే కొత్త తీగల్ని పెంచడానికి వరం. సేంద్రియ ద్రావకంలో డైఫినైల్‌జర్మేన్ లాంటి పూర్వపదార్థం (వేడికి విడిపోయి జర్మేనియం ఇచ్చేది), విత్తనంగా బిస్మత్ కణం వేసి, లేజర్‌తో ఆ చోటు మాత్రమే వేడిచేస్తారు. బిస్మత్ 271 డిగ్రీలకే కరుగుతుంది. బంగారం–జర్మేనియం యూటెక్టిక్‌కి (ఆ రెండిటి మిశ్రమాల్లో అన్నిటికంటే తక్కువ వేడికి కరిగేదానికి) 361 కావాలి. ద్రావకంగా వాడే టొలీన్ మామూలు పీడనంలో 110కే మరుగుతుంది, కాబట్టి పీడనం తట్టుకునే మూసిన గది తప్పదు. విత్తనం గాజుకి ఆనితే వేడి గాజులోకి జారిపోతుంది, తీగ మొలవడం కష్టమవుతుంది.

తీగలబండి: అమర్చిన సిలికాన్ తీగల్ని నీళ్ళతోనే ఆరబెట్టకండి. నీటి తలతన్యత అన్నిటినీ ఒక దగ్గరికి లాగేస్తుంది. నీళ్ళని మెల్లగా ఐసోప్రొపనాల్‌తో మార్చి, నిలువు తీగలుంటే క్రిటికల్ పాయింట్ డ్రయర్‌లో (తలతన్యత లాగకుండా ఆరబెట్టే యంత్రంలో) పెట్టండి.