టీటీజీ ఎక్కువొచ్చింది, ఎండోస్కోపీకి ముందే గోధుమలు మానేశా... తప్పా?

చిరుగాలి: మూడేళ్లుగా హిమోగ్లోబిన్ 9 దాటట్లేదండీ. ఐరన్ మాత్రలు డబ్బాలకి డబ్బాలు మింగా, కడుపునొప్పి, విరేచనాలు లాంటివేం లేవు కాబట్టి పేగుల మీదకి ఎవరి అనుమానమూ పోలేదు. మొన్న కొత్త డాక్టరు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాస్తే బాగా ఎక్కువొచ్చింది, సీలియాక్ కావచ్చు, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బట, ఎండోస్కోపీ చేద్దాం అన్నారు. భయమేసి ఆ రోజు నుంచే గోధుమలు బంద్. పది రోజులైంది, ఒళ్లు తేలిగ్గానే ఉంది, ఇంకా ఆ గొట్టం మింగాలా?

నిదానం: మింగాలి, అదీ గోధుమలు తింటూ ఉండగానే. నేను నెట్‌లో చదివి నాలుగు నెలలు మానేసి వెళ్లా, రక్తం నార్మల్, పేగు ముక్క తీసి చూసే బయాప్సీ నార్మల్, తేలాలంటే మళ్లీ ఆరు వారాలు రోజూ తినమన్నారు. ఆ ఆరు వారాలు పగవాడికి కూడా వద్దు బాబోయ్. చిన్నపేగు లోపల సన్న వేళ్లలా విల్లై ఉంటాయి, గ్లూటెన్ పడ్డప్పుడల్లా మన ఇమ్యూనిటీయే వాటిని అరగదీసేస్తుంది, ఐరన్ ఒంటికి పట్టాల్సింది అక్కడే కదా, అందుకే మీ మాత్రలు పనిచెయ్యలేదేమో. మానేస్తే అవి మెల్లగా కోలుకుంటాయి, ఇక డాక్టరుకి కనపడేదేంటి? ఇవాళే ఫోన్ చేసి మానేశానని చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి: మా పెద్దోడు ఎత్తు పెరగట్లేదని తీసుకెళ్తే బయటపడింది. అమ్మానాన్నా తోబుట్టువుల్లో పదిమందిలో ఒకరికి ఉండొచ్చంటే మేమూ చేయించుకున్నాం, నాకూ తేలింది, ఒక్క లక్షణం లేదు నాకు! సీలియాక్‌తో ముడిపడ్డ డీక్యూ2, డీక్యూ8 జీన్లు ఉన్నాయని మాత్రం కంగారుపడకండి, అవున్నవాళ్లలో చాలామందికి సీలియాక్ రానే రాదు.

లైట్ తీస్కో: నాకూ గోధుమ పడదు కానీ వారానికోసారి తింటా, ఏం కాదు. మరీ ఇంత అవసరమా?

నిదానం: పరీక్షలో తేలిందా తమ్ముడూ? పడకపోవడం వేరు, ఇది వేరు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటేనే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, అంత తక్కువ. నేను ఏడాది నిష్ఠగా ఉన్నా టీటీజీ దిగలేదు. లేబుళ్లన్నీ తిరగేశా, బార్లీ మాల్ట్, సోయాసాస్ అన్నీ ఎప్పుడో మానేశా. చివరికి ఓ పొద్దున కిటికీ దగ్గర వెన్న డబ్బా తెరిస్తే పైన సన్నగా బ్రెడ్ పొడి! ఇంటిల్లిపాదీ బ్రెడ్‌కి రాసిన కత్తే మళ్లీ అందులో ముంచుతున్నారు. నా డబ్బా, నా టోస్టర్ వేరు చేశాకే నంబర్ కదిలింది.

ఇద్దరు పిల్లల తల్లి: టోస్టర్ ఎంత కడిగినా లాభం లేదు, వేరేది కొనాల్సిందే. ఓట్స్ కూడా గ్లూటెన్ ఫ్రీ అని ఉంటేనే, అదీ డాక్టర్ని అడిగి.

చిరుగాలి: ఫోన్ చేశానండీ. మళ్లీ తినడం మొదలుపెట్టమన్నారు, ఎన్నాళ్లు తినాలో చూసి ఎండోస్కోపీ డేట్ ఇస్తారట. నిదానం గారూ, ఇందాకే మా వెన్న డబ్బా మూత తీసి చూశా... ఉంది, పొడి.