టామ్‌క్యాట్ 9 నుంచి 10.1కి మారాక లాగిన్‌కి 404, లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్రర్ లేదు

వార్_ఫైల్ (ప్రశ్న)

జావా 17 అలాగే ఉంది, మార్చింది టామ్‌క్యాట్ (జావా వెబ్ యాప్‌లు నడిపే సర్వర్) ఒక్కటే. 10.1ని వేరే ఫోల్డర్‌లో పెట్టి, పాత వార్ ఫైళ్లు (యాప్‌ల ప్యాకేజీలు) రెండూ వెబ్‌యాప్స్‌లో వేశాం.

రిపోర్టుల యాప్: లాగిన్‌కి స్ప్రింగ్ సెక్యూరిటీ 5.8 లైబ్రరీ, వెబ్ ఎక్స్ఎంఎల్ (సెట్టింగ్‌ల ఫైల్) లేదు, అంతా జావా కాన్ఫిగ్. హోమ్ పేజీ (స్టాటిక్ హెచ్‌టీఎంఎల్) వస్తోంది, లాగిన్ యూఆర్ఎల్‌కి 404.

అడ్మిన్ యాప్: జేఎస్పీలు (జావా కోడ్ కలిసిన వెబ్ పేజీలు) మాత్రమే, ఫారమ్ లాగిన్, యూజర్లు మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లో. పేజీ వస్తోంది కానీ సరైన పాస్‌వర్డ్ కూడా తిరస్కరిస్తోంది.

కోడ్ మొత్తంలో ప్యాకేజీ పేర్లలోని జావాఎక్స్‌ని జకార్తాగా ఫైండ్-రీప్లేస్ చేసేస్తే సరిపోతుందా?

స్టాక్‌ట్రేస్

ముందు సర్వర్‌ని బయటి నెట్‌వర్క్ నుంచి తప్పించండి. 404 కన్నా పెద్ద సమస్య ఉంది: రిపోర్టుల యాప్‌లో సెక్యూరిటీ ఫిల్టరే (ప్రతి రిక్వెస్ట్‌ని ఆపి లాగిన్ అడిగేది) లేదు. స్టాటిక్ ఫోల్డర్‌లో ఉన్న ఏదైనా పీడీఎఫ్ యూఆర్ఎల్ లాగిన్ లేకుండా కొట్టి చూడండి, తెరుచుకుంటుంది.

కారణం ఇది. టామ్‌క్యాట్ 9 వరకు సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్ట్‌లకు జవాబిచ్చే జావా కోడ్) ప్యాకేజీ పేరు జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్. 10 నుంచి జకార్తా డాట్ సర్వ్‌లెట్. మీ వార్ విప్పి స్ప్రింగ్-వెబ్ జార్ (లైబ్రరీ ఫైల్) లోపల మెటా-ఇన్ఫ్ కింది సర్వీసెస్ ఫోల్డర్ చూడండి. అక్కడున్న ఇనిషియలైజర్ (యాప్ మొదలవగానే కాన్ఫిగ్‌ని పిలిచేది) ఫైల్ పేరు జావాఎక్స్‌తో మొదలవుతుంది. టామ్‌క్యాట్ 10 వెతికేది జకార్తాతో మొదలయ్యే పేరు. కనబడలేదు, కాబట్టి మీ జావా కాన్ఫిగ్‌ని ఎవరూ పిలవలేదు. పిలవనిదానికి ఎర్రర్ ఎక్కడినుంచి వస్తుంది? ఫిల్టర్‌ని వెబ్ ఎక్స్ఎంఎల్‌లో రాసి ఉంటే యాప్ మొత్తం స్టార్ట్ కాకుండా ఆగేది, అదే నయం.

నిర్ధారణకి లోకల్‌హోస్ట్ లాగ్ చూడండి, కాటలీనా లాగ్ కాదు. పాత సర్వర్‌లో "స్ప్రింగ్ వెబ్ అప్లికేషన్ ఇనిషియలైజర్స్ డిటెక్టెడ్" అనే లైన్ ఉంటుంది. కొత్తదాంట్లో ఉండదు.

జార్_వేట

ఇవాళే నడవాలంటే: వెబ్‌యాప్స్‌లోంచి పాత వార్, విప్పిన ఫోల్డర్ రెండూ తీసేయండి. పక్కనే వెబ్‌యాప్స్-జావాఈఈ అనే ఫోల్డర్ (లేకపోతే చేసుకోండి) పెట్టి వార్ అందులో వేయండి. టామ్‌క్యాటే పేర్లు మార్చి వెబ్‌యాప్స్‌లోకి పంపుతుంది. ఇది ఊతకర్ర మాత్రమే. అసలు దారి స్ప్రింగ్ 6, సెక్యూరిటీ 6. వాటికి జావా 17 చాలు, మీకు ఉంది.

ఫైండ్-రీప్లేస్ మాత్రం గుడ్డిగా చేయొద్దు. జావాఎక్స్‌తో మొదలయ్యేవన్నీ మారలేదు. ఎస్‌క్యూఎల్, నేమింగ్, క్రిప్టో, నెట్ ఎస్ఎస్ఎల్ ఇవన్నీ జేడీకేవి (జావాతో పాటే వచ్చేవి), పాత పేర్లే. లాగిన్ కోడ్‌లో అందరూ తట్టుకునే చోటు సెక్యూరిటీ ఆథ్: జాస్ (జావా సొంత లాగిన్ ఏపీఐ) లాగిన్ మాడ్యూల్, కాల్‌బ్యాక్ హ్యాండ్లర్ జావాఎక్స్‌లోనే ఉన్నాయి, కానీ దాని కిందే ఉన్న మెసేజ్ ప్యాకేజీ జకార్తాకి వెళ్లిపోయింది. ఒకే ఫైల్‌లో రెండూ ఇంపోర్ట్ అయి ఉంటే ఒక్కో లైన్ చూసి మార్చాల్సిందే.

ఇంకోటి, వార్‌లోని లిబ్ ఫోల్డర్‌లో పాత సర్వ్‌లెట్ ఏపీఐ జార్ ఉందేమో చూడండి. టామ్‌క్యాట్ 9 అందులోని సర్వ్‌లెట్ క్లాసుల బదులు తన సొంతవే వాడేది. 10 కాపలా కాసేది జకార్తా పేరుకే కాబట్టి దాన్ని లోపలికి రానిస్తుంది. అప్పుడు క్లాస్ దొరకలేదనే ఎర్రర్ బదులు క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్ వచ్చి తికమక పెడుతుంది.

వార్_ఫైల్

జావాఈఈ ఫోల్డర్‌తో రిపోర్టుల లాగిన్ వచ్చింది, పీడీఎఫ్‌లు కూడా లాగిన్ అడుగుతున్నాయి. అడ్మిన్ యాప్ మాత్రం అలాగే ఉంది. పాత సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో (టామ్‌క్యాట్ సెట్టింగ్‌ల ఫైల్) జేడీబీసీ రెల్మ్ (యూజర్లని డేటాబేస్ టేబుల్‌లో చూసే సెట్టింగ్) ఉండేది, కొత్తదాంట్లో లేదు.

రెల్మ్_రిపేర్

అదే సంగతి. కొత్త సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో డిఫాల్ట్‌గా ఉండేది యూజర్ డేటాబేస్ రెల్మ్, అంటే అది టామ్‌క్యాట్-యూజర్స్ ఫైల్ చదువుతోంది, మీ టేబుల్‌ని కాదు. పాత లైన్ తెచ్చి అతికిస్తే పనికిరాదు, జేడీబీసీ రెల్మ్‌ని 10లో తీసేశారు. డేటాసోర్స్ రెల్మ్ రాయండి. టేబుల్, కాలమ్ పేర్ల అట్రిబ్యూట్లు అవే. డ్రైవర్, కనెక్షన్ యూఆర్ఎల్, డీబీ పాస్‌వర్డ్ మాత్రం అక్కణ్ణుంచి తీసి గ్లోబల్ నేమింగ్ రిసోర్సెస్ కింద ఒక రిసోర్స్‌గా పెట్టి, దాని పేరు డేటాసోర్స్ నేమ్‌లో ఇవ్వాలి. ఆ రిసోర్స్ యాప్ కాంటెక్స్ట్ ఎక్స్ఎంఎల్‌లో ఉంటే లోకల్ డేటాసోర్స్ ట్రూ అని పెట్టండి, లేకపోతే గ్లోబల్‌లోనే వెతుకుతుంది.

మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ జార్ టామ్‌క్యాట్ సొంత లిబ్‌లో ఉండాలి, వార్‌లో ఉన్నది సరిపోదు. పాత రెల్మ్ లోపల క్రెడెన్షియల్ హ్యాండ్లర్ (టైప్ చేసిన పాస్‌వర్డ్‌ని హ్యాష్ చేసి పోల్చేది) ఉంటే అదీ తెచ్చుకోండి. అది లేకపోతే టైప్ చేసిన పాస్‌వర్డ్‌ని టేబుల్‌లోని హ్యాష్‌తో నేరుగా పోలుస్తుంది, ఎప్పటికీ కలవదు.

టెస్ట్ చేసేటప్పుడు లాకౌట్ రెల్మ్ గుర్తుంచుకోండి. 5 సార్లు తప్పితే ఆ యూజర్‌కి 300 సెకన్ల తాళం, ఈలోగా సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా రానివ్వదు. ఆ లెక్క మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది.