అప్‌డేట్: ఏసీ ఆగిపోయే సమస్య తీరింది (పర్లాకిమిడి)

మొన్న అడిగాను కదా, మా ఒకటిన్నర టన్నుల ఏసీ ఆన్ చేసిన పది నిమిషాలకే స్టెబిలైజర్ లో-వోల్టేజ్ చూపించి ఆపేస్తోందని. చాలామంది కంప్రెసర్ పోయిందన్నారు. సర్వీసు కుర్రాడేమో పీసీబీ (ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు) మార్చాలన్నాడు. ఏదీ కాదు!

మా వీధిలో సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడే ఎలక్ట్రీషియన్ మావయ్య ఒకాయన ఉన్నారు. ఆయన ఏసీ జోలికే పోలేదు. కంప్రెసర్ నడుస్తుండగా మీటర్ పెట్టి చూస్తే మెయిన్ బోర్డులో 224 వోల్టులు, ఏసీ సాకెట్ దగ్గర 183. "కరెంటాఫీసు తప్పు కాదురా, మీ గోడలోదే" అన్నారు.

మెయిన్ ఆపి సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులు. వైరు తొడుగు నల్లగా కరిగి, వేలితో తాకితే పొడిలా రాలింది. చూశాక నాకు చెమటలు పట్టాయి, రోజూ పిల్లలు ఆ గోడ పక్కనే పడుకుంటారు. పైగా సన్నటి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, దానికే ఫ్రిజ్ కూడా.

ఇప్పుడు బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపేసే స్విచ్), కొత్త సాకెట్. ఏసీ నడుస్తున్నప్పుడు సాకెట్ దగ్గర 219 వోల్టులు వస్తోంది. పీసీబీ డబ్బులు మిగిలాయి.