ఫోన్‌తో పాటే వచ్చిన యాప్‌లను ఎందుకు తీయనివ్వరు?

పాతఫోన్: 32 జీబీ ఫోన్. స్టోరేజ్ నిండిందని రోజూ ఒకటే గోల. నేను పెట్టుకున్నవి దాదాపు అన్నీ తీసేశాను. ఫోన్‌తో వచ్చిన వీడియో యాప్, న్యూస్ యాప్ మాత్రం పోవట్లేదు. అన్‌ఇన్‌స్టాల్ బటనే లేదు, 'డిసేబుల్' ఉంది. కొన్నది నేను, పెత్తనం వాళ్లదా?

కోడింగ్ కాకి: ఆండ్రాయిడ్‌లో అలాంటివి ఎక్కువగా సిస్టమ్ పార్టిషన్‌లో, అంటే స్టోరేజ్‌లో ఆండ్రాయిడ్ కోసం విడిగా కేటాయించిన భాగంలో ఉంటాయండీ. మామూలుగా దాన్ని చదవడమే, మార్చడం కుదరదు. ఎవరైనా మార్చితే ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు జరిగే తనిఖీ, వెరిఫైడ్ బూట్, పట్టేస్తుంది. వైరస్ అక్కడ తిష్ట వేయకుండా ఈ ఏర్పాటు. ఎలాగోలా తీసినా మీ ఫొటోలకు చోటు దొరకదు, అవి ఉండే పార్టిషన్ వేరు.

రీసెట్ రాయుడు: నా కథ వినండి. కంప్యూటర్‌కి కలిపి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) కమాండ్లతో అనవసరం అనిపించినవన్నీ పీకేశాను. అందులో వెబ్‌వ్యూ కూడా పోయింది. ఇంకో బ్రౌజర్ ఎందుకులే అనుకున్నా! చాలా యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించేది దాంతోనే అని తర్వాత తెలిసింది. ఏది తెరిచినా ఠక్కున మూసుకుపోయేది. టెన్షన్‌తో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. అన్నీ తిరిగొచ్చాయి, ఆ చెత్తతో సహా. ఏడీబీ దాచిందే తప్ప చెరపలేదట.

సందేహాల పుట్ట: వెబ్‌వ్యూ సరే, న్యూస్ యాప్ లేకపోతే ఫోన్ ఆన్ అవదా? అది వ్యాపారం బాబూ. ప్లే స్టోర్ కావాలంటే సెర్చ్, క్రోమ్ కూడా ముందే పెట్టాలని తయారీదారులకు షరతు పెట్టినందుకు (ఇంకొన్ని కారణాలూ ఉన్నాయి) 2018లో యూరోపియన్ కమిషన్ గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంతకు చాలా ముందే, అమెరికాలో 1998లో మొదలైన కేసులో, తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌లో విడదీయరాని భాగమని మైక్రోసాఫ్ట్ వాదించింది.

సగం ఆపిల్: ఐఫోన్‌లోనూ 2016లో ఐఓఎస్ 10 వచ్చేదాకా స్టాక్స్ యాప్‌ను కూడా తీయనివ్వలేదు. నేనైతే దాన్ని ఒక ఫోల్డర్‌లో పడేసి మర్చిపోయా. యూరప్‌లో పెద్ద టెక్ కంపెనీలకు కళ్లెం వేసే డిజిటల్ మార్కెట్స్ చట్టం వచ్చాక, అక్కడివాళ్లు ఇప్పుడు సఫారీని, యాప్ స్టోర్‌ను కూడా తీసేయొచ్చు. అన్నాళ్లూ కుదరనిది చట్టం రాగానే కుదిరింది!

కోడింగ్ కాకి: ఆ మాట ఒప్పుకుంటా. పాతఫోన్ గారూ, ముందు 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కి, తర్వాత డిసేబుల్ చేయండి. అసలు యాప్ సిస్టమ్‌లో ఉన్నా, దాని అప్‌డేట్లు మాత్రం మీ స్టోరేజ్‌లోనే కూర్చుంటాయి, అవి పోతే చోటు వస్తుంది.

పాతఫోన్: చేశాను. కాస్త చోటు దొరికింది. న్యూస్ యాప్ సెట్టింగ్స్‌లో ఇంకా కనిపిస్తోంది, కానీ నోరు మెదపట్లేదు.