అవ్వ మరచెంబులో దొరికిన పాత రూపాయలు: ధర ఎలా తెలుసుకోవాలి?

సింగరాయకొండ కోడలు:
అందరికీ నమస్కారం. మొన్న అటక దులుపుతుంటే మా ఆయన వాళ్ల అవ్వ దాచుకున్న ఇత్తడి మరచెంబు దొరికింది. మూత బిగుసుకుపోయి ఉంటే కొబ్బరినూనె రాసి తిప్పాం. లోపల పాత చీరముక్కలో మూటకట్టిన నాణేలు. రాణి బొమ్మ ఉన్న 1862 వెండి రూపాయి ఒకటి. రాజు బొమ్మవి మూడు: ఒకటి 1919, ఒకటి 1942, మూడోదానికి గొలుసులో వేసుకోవడానికి కొండీ అతికించారు. దాని సంవత్సరం 191 వరకే కనిపిస్తోంది, చివరి అంకె అతుకు కింద పడిపోయింది. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి ఒకటి, చిల్లుకాణీలు పదకొండు, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసలు మూడు. ఇవి కాక పెద్ద రాగి నాణెం ఒకటి. ఒక పక్క సీతారాములు, రెండో పక్క ఈస్టిండియా కంపెనీ, ఒక అణా, 1818 అని ఉంది.

మా మరిది ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఆ సీతారాముల నాణెం యాభై లక్షలట. బంగారు దుకాణంలో అడిగితే వెండి రూపాయలు నాలుగింటికీ ఒకటే ధర కట్టాడు. ఎవరి మాట నమ్మాలి? అన్నీ నల్లబడి ఉన్నాయి, రేపు చింతపండుతో తోమి ఫోటోలు పెడతాను.

చిన్నబజారు మాస్టారు, నెల్లూరు:
తోమవద్దమ్మా. మిగతా సంగతులు తర్వాత.

నేను ఇరవై ఏళ్లవాడిగా ఉన్నప్పుడు విక్టోరియా అర్ధరూపాయి ఒకటి దొరికితే దీపావళి ముందు బూడిద, చింతపండు వేసి తళతళలాడేలా రుద్దాను. తర్వాత దాన్ని కొనడానికి వచ్చినాయన వెలుతురుకు అడ్డం పెట్టి చూపించాడు. రాణిగారి చెంప నిండా సన్నని గీతలు. "వెండి ధర ఇస్తాను, నాణెం ధర నువ్వే కడిగేశావు" అన్నాడు. వెండి మీద వచ్చే ఆ నలుపే సేకరించేవాళ్లకు కావాలి. మట్టి మరీ ఎక్కువగా ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద అద్ది ఆరబెట్టండి. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పడకూడదు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే రాగి మీద పచ్చటి జిగురు పడుతుంది, కాగితం పొట్లాలే నయం.

తూకంరాయి, ఒంగోలు:
నేను నాణేల పండితుణ్ణి కాదు, మా నాన్నగారి రోజుల నుంచి వెండి తూకం వేస్తున్నవాణ్ణి. దుకాణంలో నాలుగింటికీ ఒకే ధర అన్నారంటే అక్కడే తిరకాసు ఉంది. బ్రిటిష్ వారి వెండి రూపాయి తూకం సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. 1939 వరకు అందులో వెండి వందకు 91.7 పాళ్లు. యుద్ధం వచ్చి 1940 నుంచి దాన్ని వందకు 50 పాళ్లకు దించారు. చూడటానికి ఒకేలా ఉంటాయి, తూకమూ ఒకటే. కాబట్టి మీ 1919 రూపాయిలో పది గ్రాముల పైచిలుకు వెండి, లెక్కకు 10.69 గ్రాములు. 1942 దానిలో 5.83 మాత్రమే. ఉదాహరణకు గ్రాము వంద రూపాయలనుకోండి, మొదటిది 1,069, రెండోది 583. ఆయన నాలుగింటికీ 1942 ధరే కట్టి ఉంటాడు. ఆ రోజు వెండి ధర చూసుకుని మీరే గుణించుకోండి. ఇది అట్టడుగు ధర, ఇంతకు తగ్గించి ఎవరికీ ఇవ్వకండి. అరిగిన నాణెం ఒక పిసరు తక్కువ తూగుతుంది, దానికి కంగారు పడవద్దు. 1940 తర్వాతి వాటికి అంచులో గళ్ల మధ్య సన్నని గాడి ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది.

చిన్నబజారు మాస్టారు, నెల్లూరు:
తూకంరాయి గారు చెప్పింది వెండి లెక్క. దాని మీద ఎంత పలుకుతుందన్నది ఆ నాణెం ఎన్ని మిగిలి ఉన్నాయి, ఎంత అరిగింది, ఎంతమంది వెతుకుతున్నారు అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. పాతదైతే చాలు ధర పెరుగుతుందనుకోవడం మన భ్రమ. మీ 1862నే తీసుకోండి. అన్నిటికన్నా పాతది కదా అని మీకు ఆశ ఉంటుంది. కానీ ఆ రూపాయి మీద 1862 అన్న సంవత్సరం మార్చకుండానే 1874 దాకా ముద్రించారు. ఏ ఏడు అచ్చయిందో తెలియడానికి చిన్న చిన్న చుక్కలు పెట్టారు. అంటే పన్నెండు పదమూడేళ్ల రూపాయలన్నీ 1862 పేరుతోనే తిరిగాయి. అందువల్ల మామూలుగా దొరికే నాణెమే అది. అయితే చుక్కల సంఖ్యను బట్టి, రాణి రవికె మీది పూల నమూనాను బట్టి కొన్ని రకాలు అరుదు. సంవత్సరం దగ్గర చుక్కలు ఎన్ని ఉన్నాయో భూతద్దం పెట్టి లెక్కపెట్టండి. ఇంకొక సంగతి, 1876 దాకా దాని మీద విక్టోరియా క్వీన్ అని, 1877 నుంచి ఎంప్రెస్ అని ఉంటుంది. మీదాని మీద క్వీన్ అనే ఉండాలి. ఎంప్రెస్ అని ఉండి 1862 అని ఉంటే అది నకిలీ.

1919 బజారులో కొల్లలు. బాగా నిలిచి ఉంటే వెండి మీద కొంచెం ఎక్కువ వస్తుంది. చిల్లుకాణీలు 1943 నుంచి 1947 వరకు కోట్లలో వేశారు. యుద్ధకాలంలో రాగి పొదుపుకే ఆ చిల్లు. ఒక్కొక్కటి పదుల రూపాయల మాటే. మా చిన్నప్పుడు వాటిని మొలతాడుకు కట్టేవారు. పసుపుపచ్చ ఇరవై పైసల్లో బంగారం కలిసిందని ఒకప్పుడు ఊరూరా అనుకున్నారు. 1968 నుంచి 1971 దాకా వచ్చిన ఇత్తడి జాతి నాణెం అది, బంగారం లేదు, ఏమీ లేదు.

ఇక సీతారాముల నాణెం. దాని గురించి చెప్పాలంటే నవ్వు, కోపం రెండూ వస్తాయి. బ్రిటిష్ ఇండియాలో అణా అన్న నాణెం మొదటిసారి వచ్చిందే 1907లో, ఎడ్వర్డు రాజు బొమ్మతో, అలల అంచుతో. అది కూడా రాగి కాదు, నికెల్ కలిసిన తెల్లటి లోహం. 1818లో కంపెనీవాళ్లు ఒక అణా నాణెం మీద సీతారాముల్ని ఎక్కడ అచ్చువేస్తారు? దేవుడి గదిలో పెట్టుకునే రామటంకాలు వేరే ఉన్నాయి, అవి భక్తికి చేయించుకున్న బిళ్లలు, చలామణి కాసులు కావు. వాటి బొమ్మ, కంపెనీ పేరు కలిపి ఎవరో ఎప్పుడో తయారు చేసి తిరునాళ్లలో అమ్మారు. మీ అవ్వ పూజకు కొనుక్కుని ఉంటుంది. పూజలోనే ఉంచండి.

సింగరాయకొండ కోడలు:
మాస్టారూ, మా మరిది ముఖం చూడాలి మీరు. ఆ వీడియో కింద ఒక నంబరు ఉంది, అప్పుడే ఫోటో పంపాడట. వాళ్లు వెంటనే ఫోను చేసి కొంటామన్నారట.

కావలి కుర్రాడు:
అక్కా, ఆ నంబరుకు ఒక్క రూపాయి కూడా పంపనివ్వవద్దు. నేను నిరుడు అచ్చంగా అందులోనే పడ్డాను. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి పదకొండు లక్షలన్నాడు. (ఆ నాణెం 2012లో వచ్చింది, చిల్లరలో ఇప్పటికీ కనిపిస్తుంది, నా బుర్రకు అది తట్టలేదు.) తాను ప్రభుత్వ బ్యాంకు అధికారినని గుర్తింపు కార్డు ఫోటో పంపాడు. ముందు రిజిస్ట్రేషన్ అని 1,250, తర్వాత పన్ను అని 8,500. మూడోసారి డబ్బు తెచ్చే బండికి బీమా అన్నాడు. అప్పటికి నాన్నకు తెలిసింది. రెండు దెబ్బలు తిన్నాను, డబ్బు మాత్రం రాలేదు. తర్వాత తెలిసింది, ఇలాంటి పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా రుసుము గానీ కమిషన్ గానీ అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చిందట. కొనేవాడు డబ్బిస్తాడు కానీ డబ్బు అడగడు కదా! ఈ ముక్క నాకు ముందు తోచలేదు. ఎవరైనా ఇప్పటికే పంపి ఉంటే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

ఉదయగిరి రైతు:
దీనికి తోడు మా వైపు బియ్యాన్ని లాక్కునే నాణెం అన్న పిచ్చి ఒకటి. రాగి బిళ్ల పక్కన బియ్యం పోస్తే అవి నడుచుకుంటూ వచ్చి అంటుకుంటాయట, కోట్లట. బియ్యానికి ముందే ఇనుపరజను పట్టించి, బిళ్ల కింద అయస్కాంతం దాచి చూపిస్తారు. సరే, నా సందేహం వేరు. చేలో బోరుకు గుంట తవ్వుతుంటే గుప్పెడు రాగి కాసులు దొరికాయి, ఒక పక్క ఎద్దులాంటి బొమ్మ. ఎక్కడ అమ్మాలి?

చిన్నబజారు మాస్టారు, నెల్లూరు:
అయ్యా, మీ సంగతి ఆ అమ్మాయి సంగతి లాంటిది కాదు. ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్నది మీ సొత్తు. మట్టిలో దాగి ఉండి దొరికినది 1878 నాటి గుప్తనిధుల చట్టం కిందకు వస్తుంది. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయలు ఆనాటి పది, చట్టంలో ఇప్పటికీ అలాగే ఉంది. మీ కాసులు ఏవన్నది చూస్తే గానీ చెప్పలేను, విజయనగర రాజుల రాగి కాసుల మీద ఎద్దు బొమ్మ ఉండేది, ఉదయగిరి వాళ్ల కోటే కదా. ముందు తహశీల్దారు కార్యాలయంలో రాసిచ్చి రశీదు తీసుకోండి. వందేళ్లు దాటిన వాటిని దేశం బయటికి పంపడం నేరమని కూడా గుర్తుంచుకోండి, విదేశీ కొనుగోలుదారు అన్నవాణ్ణి అక్కడే ఆపేయండి.

మన నెల్లూరు దగ్గరే 1786లో ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వితే పాత గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమను చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజను, హేడ్రియను కాలానివి, అప్పటికే పదహారు వందల ఏళ్ల పైబడినవి. కొత్తగా టంకసాల నుంచి వచ్చినట్టు ఉన్నాయట కొన్ని. ఆ రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మాడు, చాలావరకు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కొడుకు దగ్గరికి చేరిన ముప్పై పైచిలుకు మాత్రం మిగిలాయి. ఆ కరిగిన వాటిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

ఉదయగిరి రైతు:
రేపే వెళ్తాను మాస్టారూ. కాసులు కడగలేదు, మట్టితోనే ఉన్నాయి.

సింగరాయకొండ కోడలు:
మరిది ఇంకా డబ్బేమీ పంపలేదు, నంబరు తీసేశాడు. అందరి మాటా విని ఇంట్లో చేసినవి ఇవీ. మిఠాయి దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటాలో తూచాం. 1862ది 11.4, 1919ది 11.6, 1942ది 11.5 గ్రాములు. 1862 మీద క్వీన్ అనే ఉంది, సంవత్సరం కింద ఒక చుక్క లాంటిది కనిపిస్తోంది, అది చుక్కో మురికో తెలియడం లేదు. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి పెట్టాం, వెండివేవీ అంటుకోలేదు. పులి రూపాయి మాత్రం టక్కున అంటుకుంది! అది నకిలీనా?

తూకంరాయి, ఒంగోలు:
అదే అసలుది. 1947 రూపాయి నికెల్‌తో చేశారు, నికెల్ అయస్కాంతానికి అంటుతుంది. అంటకపోతేనే అనుమానించాలి.

చిన్నబజారు మాస్టారు, నెల్లూరు:
చుక్కను రుద్దకండి, పగటి వెలుతురులో ఫోటో పెట్టండి. అమ్మదలిస్తే నాణేల ప్రదర్శనకు తీసుకెళ్లి ముగ్గురికి విడివిడిగా చూపించండి, మొదటివాడు చెప్పిన ధర రెండోవాడికి చెప్పకండి. ఇంటర్నెట్టులో చూసేటప్పుడు అమ్మేవాడు అడుగుతున్న ధర చూడవద్దు, వేలంలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. ఐదు లక్షలని పలక రాసి ఎవరైనా కూర్చోవచ్చు.

నాకు ఆసక్తి కొండీ రూపాయి మీద. 191 తర్వాత అంకె 1 అయితే సంగతి వేరు. జార్జి రాజు మొదటి రూపాయి, 1911ది, వచ్చినప్పుడు ఆయన అంగీ మీది హారంలో ఉన్న ఏనుగు బొమ్మకు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించింది. జనం గొడవ చేస్తే వెనక్కి తీసుకుని కరిగించారు, 1912లో ఏనుగును సరిచేశారు. కరగకుండా మిగిలిన 1911 రూపాయలకు గిరాకీ ఉంది. కొండీ అతికించినందుకు ధర సగానికి పైగా పడిపోతుంది, అయినా చూడాలి. సంవత్సరం మీద టంకం కప్పితే ఏనుగును అడగాలి. (టంకమంటే నాణెమూ టంకమే, అతుకూ టంకమే, మన భాషలో ఈ రెండూ ఇక్కడ ఇలా ఎదురుపడ్డాయి.) రాజు ఛాతీ మీద, గడ్డం కింది హారంలో వెతకండి.

సింగరాయకొండ కోడలు:
ఫోటో పెట్టాను చూడండి. ఫోను కెమెరా ముందు మామగారి కళ్లద్దాలు పెట్టి తీశాం.

చిన్నబజారు మాస్టారు, నెల్లూరు:
పెద్దది చేసి చూశాను. తొండం పొడుగ్గా కిందికి దిగి ఉంది. 1911 కాదమ్మా, 1912 గానీ ఆ తర్వాతది గానీ. వెండి ధరే.

సింగరాయకొండ కోడలు:
ఆ మాట చెబితే అత్తగారు ఏమాత్రం నిరుత్సాహపడలేదు మాస్టారూ. మిగతావి ఏం చేసుకుంటారో చేసుకోండి, ఇది నా పెళ్లినాడు అవ్వ మెడలో చూశాను అని, నల్లదారానికి గుచ్చి వేసుకున్నారు. 1862 ఫోటో సాయంత్రం పెడతాను, ఇప్పుడు కరెంటు లేదు.