మన తోతాపురి మామిడి గుజ్జు వేసిన క్రాఫ్ట్ బీరు సింగపూర్‌కు పంపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బంగారుపాళ్యం తోట:

అందరికీ నమస్కారం. మాది బంగారుపాళ్యం దగ్గర చిన్న పల్లె. తోతాపురి తోట ఉంది, నాన్నా చిన్నాన్నా కలిసి చూసుకుంటారు. 2025లో కాయ ధర ఏమైందో చిత్తూరు జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, అంతా కలిపి 12 అని కట్టారు. ఆ 12 కోసం ట్రాక్టరు మీద కాయ మాగిపోతా ఉంటే గేటు ముందర రాత్రంతా కాచుకున్నాం. కాయ అమ్మడం ఒక్కటే నమ్ముకోకూడదని అప్పుడే అనుకున్నా.

మా మేనత్త కొడుకు బెంగళూరులో బ్రూయర్. వాళ్లది పబ్బులో వడ్డించే మైక్రోబ్రూవరీ కాదు, క్యాన్లలో నింపి బయటికి అమ్మే లైసెన్సు ఉన్నది. మన చిత్తూరు గుజ్జు వేసి గోధుమ బీరు ఒకటి చేశాడు, ఆల్కహాలు 5 శాతం. పండు తొక్క వొలిచేటప్పుడు వచ్చే వాసన ఉంది దాంట్లో. సింగపూర్‌లో హోటలు నడిపే మా ఊరి స్నేహితుడు మొన్న వచ్చినప్పుడు తాగి, పంపండి, నేను అమ్ముతా అన్నాడు.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు తీసుకునే కోడ్ నంబరు), అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలని తెలుసు. ఇంకేం కావాలి? చెన్నై నుంచి కొద్దిగా, ఒక యాభై పెట్టెలు పంపి చూడొచ్చా? క్యాను మీద ఏడుకొండల బొమ్మ వేసి, తిరుపతి గుర్తొచ్చే పేరు పెడదామని బావ అంటున్నాడు. అదీ చెప్పండి.

అలిపిరి రోడ్డు:

వ్యాపారం చేసుకోండి, ఎవరి కష్టం వాళ్లది. ఆ బొమ్మ మాత్రం వద్దు. తిరుమల మీద మద్యం నిషేధం. అలిపిరి తనిఖీలో సీసా కనబడితే కొండ మీదికి పోనివ్వరు. అదే కొండ బీరు క్యాను మీద కనబడితే అందరికంటే ముందు మనసు నొచ్చుకునేది సింగపూర్‌లో ఉన్న మన తెలుగువాళ్లే. మీ మొదటి గిరాకీ కూడా వాళ్లే కదా. తోట మీది, ఊరు మీది. ఊరి పేరే పెట్టుకోండి, బంగారుపాళ్యం అంటే వినడానికి ఎంత బాగుంది!

హార్బర్ అక్క:

తమ్ముడూ, పేరు విషయంలో పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాది నేను చెప్తా. చిత్తూరులో ఒక గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ కాగితాలు రాస్తూ ఈ పనిలోకి వచ్చినదాన్ని. ఇప్పుడు చెన్నైలో పానీయాల సరుకు చూస్తున్నా.

గుజ్జు ఎట్లా పోతుందో నువ్వు చూసే ఉంటావు. వేడిచేసి, క్రిమి లేకుండా ఎసెప్టిక్ సంచిలో నింపి, 215 కిలోల డ్రమ్ములో పెట్టి మామూలు కంటైనర్‌లో తోసేస్తాం. ఎండలో పోయినా దానికి ఏమీ కాదు. బీరును అట్లా పంపితే అక్కడ దిగేది వేరే బీరు. బ్రూయర్లు ఒక లెక్క చెప్తారు, మీ బావకూ తెలిసే ఉంటుంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడింట్లోనూ బీరు ఒకే మోతాదులో పాతబడుతుంది. ఇది అంచనా లెక్కే గానీ దారి చూపిస్తుంది. ఓడ మీద ఎండ తగిలే కంటైనర్ లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. సింగపూర్‌కు ఓడ ప్రయాణం వారం, పది రోజులు అనుకో. రేవులో కాచుకునే రోజులు దానికి అదనం. హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన ముందు పోతుంది, తర్వాత తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. నువ్వు చెప్పిన ఆ తొక్క వాసన గిరాకీ దాకా చేరదు.

కాబట్టి రీఫర్, అంటే లోపల చల్లగా ఉంచే కంటైనర్ తప్పదు. యాభై పెట్టెలు అన్నావే, చిక్కంతా అక్కడే ఉంది. రీఫర్‌లో సగం ఖాళీగా పంపినా అద్దె మొత్తం కట్టాల్సిందే. చల్లటి సరుకును వేరేవాళ్లతో కలిపి కొంచెంగా పంపే ఏర్పాటు మనవైపు దొరకడం కష్టం. బెంగళూరులోనే సింగపూర్‌కు పంపాలనుకునే ఇంకో ఇద్దరు ముగ్గురు బ్రూవర్లను కలుపుకుని ఒక ఇరవై అడుగుల రీఫర్ నింపండి. ఎంత వెతికినా నాకు ఇంతకంటే చవక దారి కనబడలేదు. లండన్ అమెరికా అని ఇప్పుడే ఆశపడొద్దు. 2023 చివరినుంచి ఎర్రసముద్రం గొడవతో చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. క్రాఫ్ట్ బీరుకు అంత ప్రయాణం మంచిది కాదు.

సుంకం సంగతి. సింగపూర్‌లో బీరుకు ఎక్సైజ్ లీటరు ఆల్కహాలుకు 60 సింగపూర్ డాలర్లు. బీరు లీటరుకు కాదు, అందులోని ఆల్కహాలుకు. 330 మిల్లీలీటర్ల క్యానులో 5 శాతమంటే పదహారున్నర మిల్లీలీటర్లు, అంటే క్యానుకు 99 సెంట్లు. 4 శాతానికి దించితే 79. దాని మీద 9 శాతం జీఎస్టీ. కస్టమ్స్ సుంకం వేరే. 2005 నాటి భారత్-సింగపూర్ ఒప్పందం కింద రాయితీ అడగాలంటే ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం) చేతిలో ఉండాలి. ఈ లెక్క వేయకుండా మీ స్నేహితుడికి ధర చెప్పొద్దు.

కాగితాల్లో ఐఈసీ, అపెడా తేలికే. మద్యం రాష్ట్రాల పరిధి కాబట్టి కర్ణాటక ఎక్సైజ్ శాఖ పర్మిట్, బాండు (సరుకు నిజంగా ఎగుమతి చేస్తామని ఇచ్చే పూచీ) అసలు పని. సరుకు ఓడ ఎక్కిందని రుజువు తెచ్చి చూపించేదాకా ఆ బాండు విడుదల కాదు, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం) కాపీలు జాగ్రత్త. లారీని మీ ఊరి మీదుగా రప్పించుకుని చూడాలని ముచ్చటగా ఉంటుంది, వద్దు. హోసూరు, కృష్ణగిరి మీదుగా పోతే కర్ణాటక దాటగానే తమిళనాడు. పలమనేరు, చిత్తూరు రోడ్డుకొస్తే మధ్యలో ఆంధ్ర కూడా తగులుతుంది. పర్మిట్‌లో రాసిన దారి తప్పితే సరిహద్దులో లారీ ఆగిపోతుంది, బీరు ఎండలో మగ్గుతుంది.

బంగారుపాళ్యం తోట:

అక్కా, చాలా థాంక్స్. ఏడుకొండల బొమ్మ తీసేస్తామని బావ ఒప్పుకున్నాడు. రెండు అనుమానాలు. మా స్నేహితుడికి హోటలుంది గానీ దిగుమతి లైసెన్సు లేదు. ఇంకొకటి, గుజ్జు ఆఖర్న, పులిసిన తర్వాత వేస్తాడంట. పాశ్చరైజ్ చేస్తే వాసన పోతుందని చెయ్యడు.

పలమనేరు ల్యాబు:

బ్రూవరీ ల్యాబులో పనిచేస్తున్నా, రెండోదానికి నేను చెప్తా. తోతాపురి గుజ్జు 14 నుంచి 16 బ్రిక్స్ (చక్కెర కొలత), దాదాపు అంతా ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) తినేసే చక్కెరే. పులిసిన తర్వాత వేసి, ఈస్ట్‌ను చంపకుండా క్యాను మూస్తే, వేడి తగిలిన రోజు లోపల మళ్లీ పులియడం మొదలవుతుంది. క్యాన్లు ఉబ్బుతాయి, పగులుతాయి. రీఫర్ కరెంటు పోయి సరుకు వేడెక్కితే చాలు. మీ బావకు రెండే దారులు. గుజ్జు ముందే వేసి చక్కెర మొత్తం పులియనివ్వాలి, లేదా క్యాను మూశాక 60 డిగ్రీల టన్నెల్ పాశ్చరైజర్‌లో పంపాలి. నిమిషాలు సరిగ్గా లెక్కేస్తే వాసన మరీ అంత పోదు. మూతపెట్టేటప్పుడు క్యానులో ఆక్సిజన్ మిగిలితే పోయే వాసన అంతకంటే ఎక్కువ, ముందు ఆ ఆక్సిజన్ మీటరు చూడమను.

ఇంకో పని. ఒకే బ్యాచ్‌లో కొన్ని క్యాన్లు ఫ్రిజ్‌లో, కొన్ని 38 డిగ్రీల వేడి పెట్టెలో వారం ఉంచి, పేరు కప్పి పక్కపక్కన తాగించండి. తేడా చెప్పలేకపోతే పంపొచ్చు.

హార్బర్ అక్క:

దిగుమతిదారు సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి తమ్ముడూ. మీ స్నేహితుడు అమ్మకం చూసుకోవచ్చు, దిగుమతి మాత్రం బీరు తెప్పించే అనుభవమున్న కంపెనీ చేత చేయించండి. లేబుల్ అచ్చు వేయించకముందే వాళ్లకు చూపించాలి: గోధుమ, బార్లీ అని అలర్జీ వివరం, ఆల్కహాలు శాతం, దిగుమతిదారు పేరు, చిరునామా. వేడి పరీక్ష ఫలితం, రీఫర్‌కు ఎంతమంది కలిశారన్నది ఇక్కడ రాయి. షిప్పింగ్ లైన్ల నుంచి కొటేషన్లు నేను తెప్పిస్తా.